అంతా సెట్టేనా?

ఈమధ్య మా బెజవాడలో ఏదీ కుదరడం మానేసింది. అన్నీ సెట్ అవుతున్నాయి.

సంబంధాలు సెట్ అవుతున్నాయి. కొత్త కుక్కర్లో పప్పు సెట్ అవుతోంది. హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన కుర్రాడికి హాస్టల్ తిండి సెట్ కాదు, బెంగుళూరులో వచ్చినవాడికి భాష సెట్ కాదు, అమెరికాలో వచ్చినవాడికి అన్నీ సెట్ అయి వీసా ఒక్కటే సెట్ కాదు. టైలరు జాకెట్టు చేతికిచ్చి "చూసుకోండమ్మా, సెట్ అవ్వకపోతే పట్టుకురండి" అంటాడు. పళ్ళ డాక్టరు పన్ను కట్టి "ఒకసారి గట్టిగా నోరు మూయండి, సెట్ అయిందా?" అంటాడు. నోరు మూసుకుని జవాబెలా చెప్పాలో మాత్రం చెప్పడు. ఎనభయ్యో పడిలో ఉన్న మా పెద్దమ్మ, ఇంగ్లీషులో సంతకం కూడా రాని మనిషి, మొన్న పెళ్ళిచూపుల నుంచి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ "పిల్ల లక్షణంగా ఉంది గానీ, వాళ్ళ మేనత్త మనకి సెట్ కాదురా" అని తేల్చేసింది.

నాకు ఈ మాట మీద కోపం లేదు. అనుమానం ఉంది. తెలుగులో రాస్తే నిండా రెండక్షరాలు లేని మాట ఇన్ని కొంపల్లో దూరి ఇన్ని పనులు చక్కబెడుతోందంటే దీని వెనక ఎవరో పెద్దవాళ్ళు ఉండాలి. ముందుగా మా మేనల్లుణ్ణి అడిగాను. వాడు అమెరికా ప్రయాణం పెట్టుకుని జీఆర్ఈ చదువుతున్నాడు. గదిలో గోడ కనపడకుండా పసుపుపచ్చ చీటీలు అంటించి, చీటీకొకటి చొప్పున జానెడేసి మాటలు రాసుకున్నాడు. ఆ మాటల్ని వాడు జన్మలో ఎవరితోనూ అనడు, వాడితో ఎవరూ అనరు.

"సెట్ అంటే ఏమిట్రా?"

"అదేం ప్రశ్న మావయ్యా, సెట్ అంటే సెట్టే."

"ఒక వాక్యంలో చెప్పు."

"నీ ఫోన్లో రింగ్‌టోన్ చండాలంగా ఉంది, ఇటివ్వు సెట్ చేస్తా."

ఫోను లాక్కున్నాడు. చర్చ ముగిసింది.

నిజానికి జానెడు మాటలతో ఎవరికీ పేచీ లేదు. వాటికి ఒకటే అర్థం, అది ఎక్కడికీ పోదు. ప్రాణం తీసేవన్నీ పొట్టి మాటలే. ఈ సంగతి లండన్లో శామ్యూల్ జాన్సన్‌కి 1755లోనే తెలుసు. కొద్దిమంది రాతగాళ్ళను పక్కన పెట్టుకుని దాదాపు ఒంటిచేత్తో నిఘంటువు తయారుచేసిన ఆ మహానుభావుడు, ముందుమాటలో కొన్ని క్రియల్ని పేరుపేరునా పిలిచి మరీ వాపోయాడు. గెట్, గివ్, డూ, పుట్, సెట్, గో, రన్, మేక్, టేక్: వీటి అర్థం ఇదీ అని గీత గీద్దామంటే చేతికి చిక్కవు, భాష బతికున్నంతకాలం గంటగంటకీ జారిపోతూనే ఉంటాయి, అని ఆయన గోడు. ఒక్క టేక్‌కే 134 అర్థాలు రాసి ఊపిరి పీల్చుకున్నాడు.

ఆయన తర్వాత ఆక్స్‌ఫర్డు వాళ్ళు దిగారు. తొలి భాగం 1884లో అచ్చయితే చివరి భాగం 1928లో అయింది. అప్పటికి సంపాదకుడు జేమ్స్ మరే పోయి పదమూడేళ్ళు. లోకం నలుమూలల నుంచీ చదువరులు పుస్తకాల్లో దొరికిన వాక్యాల్ని చీటీల మీద రాసి పంపుతుంటే, ఆయన పెరట్లో రేకుల షెడ్డు వేయించుకుని, గూళ్ళ నిండా వాటిని సర్దుతూ కూర్చున్నాడు. అలా చీటీలు పంపినవాళ్ళలో అందరికంటే ఓపికమంతుల్లో ఒకడు విలియం మైనర్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు. ఆయన చిరునామా బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రి. నిఘంటువు పనిలో పడి అక్కడికి చేరాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు, ముందే అక్కడ ఉన్నాడు.

1989లో వచ్చిన రెండో కూర్పు 20 సంపుటాలు. అందులో అన్నిటికంటే పొడుగాటి పద్దు ఎవరిదనుకున్నారు? మన సెట్‌దే. 430 అర్థాలు, దగ్గర దగ్గర 60,000 మాటల వివరణ. ఓ మోస్తరు నవలంత. నాయకుడు లేడు, నాయిక లేదు, కథ మొత్తం విలనే.

ఆ పీఠం ఇప్పుడు కదిలిందిలెండి. విడతలు విడతలుగా వస్తున్న మూడో కూర్పులో రన్ అనే క్రియ 645 అర్థాలతో ముందుకొచ్చింది. పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడట. మన గాంధారి రెండేళ్ళు మోసి కూడా నూటొక్కమందితో సరిపెట్టుకుంది. యంత్రాలు, రైళ్ళు, కంప్యూటర్ ప్రోగ్రాములు అన్నీ పరిగెత్తడం మొదలెట్టాక రన్ గెలవక ఏమవుతుంది? అయినా నా ఓటు సెట్‌కే. రన్ మన దగ్గరికి వచ్చి క్రికెట్ మైదానంలో ఆగిపోయింది. సెట్ వంటింట్లోకి వచ్చింది.

ఇక దీని పుట్టుపూర్వోత్తరాలు. పాత ఇంగ్లీషులో సిట్టన్ అంటే కూర్చోవడం, సెట్టన్ అంటే కూర్చోబెట్టడం. మనకి మునగడం ఉంటే ముంచడం, తిరగడం ఉంటే తిప్పడం, పెరగడం ఉంటే పెంచడం ఉన్నట్టే, వాళ్ళకీ ఒకప్పుడు ఈ జతలు ఉండేవి. లోపలి అచ్చు కాస్త మార్చితే పని తను చేయడం పోయి ఎదుటివాడి చేత చేయించడం వచ్చేది. తర్వాత బద్ధకించి వదిలేశారు. ఇప్పుడు పాత సామాన్ల కొట్లో మిగిలినట్టు నాలుగైదు కనపడతాయి. రైజ్ లేవడం, రెయిజ్ లేపడం. లై పడుకోవడం, లే పడుకోబెట్టడం. ఫాల్ పడటం, ఫెల్ పడగొట్టడం. అన్నిటికంటే తమాషా అయినది డ్రింక్‌కి జత డ్రెంచ్. అంటే తాగించడం. ఇప్పుడు వానలో ముద్దయిపోవడాన్ని డ్రెంచ్ అంటున్నారు గానీ, పశువుల డాక్టర్లు మాత్రం పాత అర్థం విడిచిపెట్టలేదు. గేదె నోట్లో గొట్టం పెట్టి మందు పోస్తే వాళ్ళ భాషలో అది ఈ రోజుకీ డ్రెంచింగే. ఇంగ్లీషు వ్యాకరణాన్ని పశువుల ఆసుపత్రి కాపాడుతోంది.

కాబట్టి సెట్ చేయడమంటే అసలు అర్థం కూర్చోబెట్టడం. మన కూర్చోబెట్టులో తోకగా ఒక పెట్టు ఉంది చూశారా, దాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. దాని సంగతి తర్వాత.

ఇంకా వెనక్కి వెళితే మనకి తెలిసిన ఇల్లే వస్తుంది. సిట్, సెట్‌ల మూలమూ సంస్కృతంలో సద్ అనే ధాతువు మూలమూ ఒక్కటే. సదస్సు అందులోంచి వచ్చిందే. సభాసదులు అందులోంచే. ఉపనిషత్తు అంటే గురువు దగ్గర కింద కూర్చోవడం, అదీ అందులోంచే. పిట్టగూటికి ఇంగ్లీషులో నెస్ట్ అంటారు, కావ్యాల్లో మనవాళ్ళు నీడము అన్నారు. రెండూ ఒకే మాట, కింద కూర్చునే చోటు, పెరిగిన ఊళ్ళు వేరు. (చెట్టునీడకీ దీనికీ సంబంధం లేదు, అది అచ్చంగా మన నీడ.) కఠోపనిషత్తు చేతిలో పట్టుకున్న పెద్దాయనకీ, ఫోన్లో రింగ్‌టోన్ సెట్ చేస్తున్న మా మేనల్లుడికీ మధ్య ఎక్కడో దూరపు చుట్టరికం ఉందన్నమాట. వాడితో అంటే "అయితే ఆ ప్రశ్న జీఆర్ఈలో వస్తుందా?" అన్నాడు.

లాటిన్ వైపు చుట్టాలు ఇంకా ఎక్కువ. అక్కడ కూర్చోవడం సెడేరే. ముందు కూర్చునేవాడు ప్రెసిడెంటు, అది రాష్ట్రపతి భవన్లో అయినా మా ఊరి పంచాయతీ ఆఫీసులో అయినా. అందరూ కలిసి కూర్చుంటే సెషన్. జడ్జి పక్కన కూర్చుని పన్ను లెక్క తేల్చేవాడి పని అసెస్‌మెంటు, మన ఇంటిపన్ను రసీదు మీద నంబరుతో సహా ఉంటుంది. వెనకాల కూర్చుని అవసరమైనప్పుడు లేచి వచ్చే రోమన్ సైన్యం పేరు సబ్సిడీగా మారింది. మన గ్యాస్ సబ్సిడీ కూడా వెనకాలే కూర్చుంటుంది. లేచి రావడం ఎప్పుడో దానికే తెలియాలి.

ఇవన్నీ కాగితం మీద రాసుకుంటుంటే మన మధ్యతరగతి ఇళ్ళల్లో పిల్లవాడి జాతకం మొత్తం కళ్ళముందు తిరిగింది. ఆరో తరగతి నుంచే వాణ్ణి రెసిడెన్షియల్‌లో వేస్తాం. రెసిడెన్షియల్ అంటే వెనక్కి తగ్గి కూర్చుండిపోవడం. అక్కడ పొద్దున స్టడీ సెషన్, రాత్రి స్టడీ సెషన్. అలా కూర్చోగా కూర్చోగా సీటు వస్తుంది. సీటు వైకింగుల భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది, అదీ కూర్చునేదే. సీటు వచ్చాక ఉద్యోగం, అందులో రోజంతా తిరిగే కుర్చీ. అప్పుడు పెళ్ళి పందిట్లో, చావింటి వాకిట్లో, రైల్వే ప్లాట్‌ఫారం మీద, ఎదురైన ప్రతి చుట్టమూ అడిగే ప్రశ్న ఒక్కటే: "మీవాడు సెటిల్ అయ్యాడా?" సెటిల్ అంటే పాత ఇంగ్లీషులో పీట. పీటెక్కాడా అని అడుగుతున్నారన్నమాట, రెండు విధాలా. ఈ వరసలో ఎక్కడా నిలబడటం లేదు, నడవటం లేదు. నలభై రాకుండానే నడుంనొప్పి వస్తే మాత్రం ఆశ్చర్యపోతాం.

ఈ వరసలో ఒక దొంగ ఉన్నాడు. వాడు ఎంసెట్. తెలుగువాడికి సెట్ అనగానే ముందు గుర్తొచ్చేది అదే గానీ, దానికీ ఈ వంశానికీ చుక్క రక్తసంబంధం లేదు. 1986లో మొదలైన ఆ పరీక్ష పేరు చివర ఉన్నది ఉమ్మడి ప్రవేశ పరీక్ష అనే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు, అంతే. దాని వెనకే ఐసెట్, ఈసెట్, ఎడ్‌సెట్, లాసెట్ అని పిల్లాపాపలు పుట్టుకొచ్చాయి. వైద్యం నీట్‌కి వెళ్ళిపోయాక ఎంసెట్‌కి రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ అని పేరు మార్చారు. కాగితాల్లో మారింది, నోళ్ళల్లో మారలేదు. కాగితం మీద రాసే రోజుల్లో పరీక్ష నాడు పొద్దున్నే ఏ ప్రశ్నపత్రం ఇవ్వాలో చీటీ తీసి సెట్ కోడ్ ప్రకటించేవాళ్ళు. ఎంసెట్‌లో సెట్ వేరు, సెట్ కోడ్‌లో సెట్ వేరు అని ఆ పొద్దున ఏ తండ్రికైనా చెప్పి ఉంటే గేటు దగ్గరే కొట్టి ఉండేవాడు.

ఇంకో సెట్ కూడా ఉంది, దానిదీ అయోమయం పుట్టుకే. టీ సెట్టు, నగల సెట్టు, గాజుల సెట్టు. ఇది ఫ్రెంచి మీదుగా లాటిన్ సెక్టా నుంచి వచ్చి, తోవలో క్రియతో కలగాపులగమైపోయింది. సెక్టా అంటే ఒకరి వెంట నడిచే అనుచర బృందం, మత శాఖ. ఆ లెక్కన పీఠాధిపతి వెనక నడిచే శిష్యులూ, గాజు కూజా వెనక నడిచే ఆరు గ్లాసులూ ఒక జాతే. మా అటక మీద అలాంటి లెమన్ సెట్లు ఇంకా ఉన్నాయి. విప్పినవి కావు. పెళ్ళిళ్ళకి వచ్చినవి, మళ్ళీ పెళ్ళిళ్ళకి వెళ్ళవలసినవి. ఒకసారి మా ఆవిడ ఒక అట్టపెట్టె రంగుకాగితం విప్పితే లోపల ఇంకో రంగుకాగితం, దాని మీద వేరే దంపతులకి వేరెవరో రాసిన శుభాకాంక్షలు బయటపడ్డాయి. ఆ దంపతుల పెళ్ళికి మేమూ వెళ్ళాం. ఆ లెమన్ సెట్ మేమిచ్చిందే.

(మా వీధి శెట్టిగారి కొట్టుకి కూడా సెట్‌తో సంబంధం లేదు. అది శ్రేష్ఠి నుంచి వచ్చింది. ఎందుకైనా మంచిదని చెప్పాను.)

సినిమావాళ్ళ సెట్ మాత్రం అసలు వంశమే, తెచ్చి నిలబెట్టినది అని అర్థం. మన పత్రికల్లో సినిమా మొదలవదు, సెట్స్ పైకి వెళుతుంది. పూర్తికాకపోతే సెట్స్ మీదే ఉంటుంది. 2003లో వచ్చిన ఒక్కడు కోసం హైదరాబాదు శివార్లలో చార్మినార్ సెట్ వేశారు. హైదరాబాదులోనే. 1591 నుంచి నిక్షేపంలా నిలబడి ఉన్న అసలు చార్మినార్ పక్కనే ఉండగా. అసలుదాని చుట్టూ గాజుల కొట్లు, ఆటోలు, జనం. దాన్ని ఎవరైనా సెట్ చేయగలరా?

పిల్లలప్పుడు ఈ మాట మీద మాకు ప్రత్యేకమైన అభిమానం ఉండేది. గో, వెంట్, గాన్ దగ్గర తడబడి బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళం, సెట్, సెట్, సెట్ దగ్గరికి వచ్చేసరికి గొంతెత్తి చదివేవాళ్ళం. ఒకప్పుడు దానికీ భూతకాలంలో తోక ఉండేది, వాడకంలో అరిగి ఊడిపోయింది. నిన్నా అదే, నేడూ అదే. అద్దె పెంచని ఇంటి ఓనరు కనపడినంత ఆనందంగా ఉండేది.

ఈ మాటకి నిజమైన పండితుణ్ణి నేను చూసింది మా ఇంటి మీద పై అంతస్తు వేసేటప్పుడు. తాపీ మేస్త్రీ. పేరుకు తగ్గట్టు తాపీగానే పనిచేసేవాడు. ఒక మధ్యాహ్నం కూలీలు భోజనాలకి వెళ్ళి ఆలస్యంగా వచ్చారు. కలిపి ఉంచిన మాలు బిగుసుకుంటోంది. కుర్రాడు చెంబుతో నీళ్ళు తెచ్చి పోయబోయాడు.

"ఆగరా! సెట్ అయిపోయిందది, పారెయ్యి."

"ఇంకా మెత్తగానే ఉంది గదా మేస్త్రీ, నీళ్ళు పోస్తే పోలా?" అన్నాను. సిమెంటు బస్తా ధర నాకు కనపడుతోంది.

మేస్త్రీ తాపీ కొసతో ఆ ముద్దని పొడిచి చూపించాడు. కొస కొంతదూరం దిగి ఆగిపోయింది. "చూశారా? సెట్టవటం వేరు, గట్టిపడటం వేరు సార్. సెట్టవటం గంటల్లో అయిపోద్ది. గట్టిపడటానికి నెల పడద్ది. సెట్టయ్యాక నీళ్ళు పోస్తే మెత్తబడినట్టే ఉంటది, గోడకి పట్టదు."

తర్వాత పుస్తకం తిరగేస్తే మేస్త్రీ చెప్పిందే ఉంది. మామూలు సిమెంటు 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా ఆ పని పూర్తవ్వాలి, అది మన దేశపు ప్రమాణం. బలం లెక్క 28 రోజులకి చూస్తారు. మరీ తొందరపడి బిగుసుకోకుండా ఫ్యాక్టరీలోనే కాస్త జిప్సం కలుపుతారు. ప్రయోగశాలలో అయితే లూయీ వీకా అనే ఫ్రెంచి ఇంజనీరు పేరు మీద ఉన్న పరికరంతో సూది గుచ్చి చూస్తారు. మా మేస్త్రీ తాపీ గుచ్చాడు. ఆక్స్‌ఫర్డు వాళ్ళు 430 అర్థాలు విడదీస్తే విడదీశారు గానీ, సెట్టవటానికీ గట్టిపడటానికీ మధ్య గీత ఇంత శుభ్రంగా గీసినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఇక్కడ ఇంగ్లీషు వ్యాకరణంలో ఒక చిక్కు. సెట్ అంటే ఎవరో ఒకరు దేన్నో ఒకదాన్ని కూర్చోబెట్టాలి కదా. తనంతట తాను సెట్ అవ్వడానికి వీల్లేదని పాతకాలపు పంతుళ్ళు పట్టుబట్టేవాళ్ళు. అయినా కొందరికి మినహాయింపు ఇవ్వక తప్పలేదు. సూర్యుడు తనే సెట్ అవుతాడు. పొదిగే కోడి సెట్ అవుతుంది. సిమెంటు సెట్ అవుతుంది. సూర్యుడు, కోడిపెట్ట, సిమెంటు: ఈ ముగ్గురినీ ఏ పంతులూ ఏమీ చేయలేకపోయాడు.

అదే ఇంటికి ప్లాను పాసు చేయించడానికి వెళ్ళినప్పుడు సెట్‌బ్యాక్ ఎదురైంది. ఇంగ్లీషు నవలల్లో సెట్‌బ్యాక్ అంటే ఎదురుదెబ్బ. మున్సిపాలిటీలో సెట్‌బ్యాక్ అంటే ముందు ఇంత, పక్కల ఇంత, వెనక ఇంత అని వదలాల్సిన ఖాళీ జాగా. గజం ధర తెలిసినవాడికి రెండు అర్థాలూ ఒకటే. ప్లాను మీద సెట్‌బ్యాక్ వదిలి, నేల మీద దాన్ని కలిపేసుకోవడం మనవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. అందుకే ఆంధ్రలో బీపీఎస్, తెలంగాణలో బీఆర్‌ఎస్ అని పథకాలు పెట్టి రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేస్తామన్నారు. (ఆ బీఆర్‌ఎస్ పార్టీ కాదు, పార్టీకి ఆ పేరు తర్వాత వచ్చింది.)

కోర్టు సెట్ ఇంకో రకం. మా పెదనాన్నగారి పొలం దావాలో ఆయన వాయిదాకి వెళ్ళకపోయేసరికి ఎదుటివాళ్ళకి ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేశారు. వకీలుగారు "కంగారేం లేదు, సెట్ ఎసైడ్ వేస్తాం" అన్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో తొమ్మిదో ఆర్డరు పదమూడో రూలు అందుకే ఉంది. ఆ డిక్రీని పక్కన పెట్టించి కేసు మళ్ళీ మొదట్నుంచి నడిపించవచ్చు. పెదనాన్నగారు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పింది ఏమిటంటే, "వకీలు సెట్ చేసేశాడు, పొలం మనదే." ఆ ఎసైడ్ అనే ముక్క విలువ ఆయనకి ఏళ్ళ తరబడి వాయిదాలు తిరిగాక గానీ బోధపడలేదు.

తోకతోనే వస్తుంది ఈ మాటతో ప్రమాదమంతా. సెట్ ఆఫ్ అంటే బయలుదేరడం. టపాకాయకి అయితే పేల్చడం. ఆదాయపుపన్ను ఆడిటరు దగ్గరికి వెళితే ఈ ఏడాది నష్టాన్ని లాభంలో సర్దడం. సెట్ ఇన్ అంటే వాన ముసురుపట్టడం. సెట్ ఆన్ అంటే కుక్కని ఉసికొల్పడం. ఇక సెటప్ అన్నది ఇంగ్లీషులో ఏర్పాటు, ఉచ్చు అని రెండర్థాలతో మర్యాదగా ఉండేది. తెలుగు గడ్డ మీద కాలుపెట్టాక దానికి మూడో అర్థం పట్టింది. "ఆయనకి ఏలూరులో ఇంకో సెటప్ ఉందట" అని ఎవరైనా గొంతు తగ్గించి అంటే అది ఆఫీసు బ్రాంచి గురించి కాదని అక్కడున్న పసిపిల్లలకి కూడా తెలుసు. ఆక్స్‌ఫర్డు వాళ్ళకి ఒక చీటీ రాసి పంపుదామని ఉంది గానీ, ఉదాహరణ వాక్యం కింద ఎవరి పేరు రాయాలన్నదే సమస్య.

సెటిల్‌మెంట్ సంగతి చెప్పకపోతే రాయలసీమవాళ్ళు ఊరుకోరు. పిల్లల్ని మనం సెటిల్ చేయడానికి ముందే దొరలు మన భూముల్ని సెటిల్ చేశారు. కార్న్‌వాలిస్ 1793లో బెంగాల్లో చేసిన శాశ్వత సెటిల్‌మెంటు 1802లో ఉత్తర సర్కారులకి వచ్చి జమీందార్లని పీటల మీద కూర్చోబెట్టింది. దత్తమండలాల్లో 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న మన్రో జమీందారుని పక్కకి తప్పించి రైతుతోనే నేరుగా శిస్తు లెక్క తేల్చుకున్నాడు. ఇప్పుడు ఆ మాట సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దాన సెటిల్‌మెంటుగా ఉంది, అక్కడ తండ్రి కొడుక్కి ఇల్లు రాసిస్తాడు. అదే మాట సినిమాలో అయితే నాలుగు సుమోలు వచ్చి ఆగాలి, పంచె కట్టుకున్న పెద్దమనిషి కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చోవాలి. ఎటు తిరిగి ఎటొచ్చినా కూర్చోవడం తప్పడం లేదు.

మరి మనకి సొంత మాట లేకనా ఇదంతా? కుదరడం ఉంది. గుండ్రటి అడుగు ఉన్న కుండ నేల మీద నిలవదు, దొర్లుతుంది. దాని కింద గడ్డి పేని చుట్టిన చుట్ట పెట్టేవాళ్ళు. ఆ చుట్ట పేరు కుదురు. కుండ కదలకుండా కూర్చుంటే కుదిరినట్టు. సంబంధం కుదరడం, ముహూర్తం కుదరడం, కుదురైన పిల్ల, అన్నిటి కిందా ఆ గడ్డిచుట్ట ఉంది. బ్రౌన్ దొర 1852 నిఘంటువులో కుదురుకి ఆ కుండ చుట్టనీ, చెట్టు మొదట్లో నీళ్ళ పాదునీ రెంటినీ ఎక్కించాడు. ఇప్పుడు కుండలు పోయి అడుగు చదునైన స్టీలు గిన్నెలు వచ్చాయి. ఎక్కడ పెట్టినా అవే నిలబడుతున్నాయి కాబట్టి కుదురుతో ఎవరికీ పనిలేదు, సెట్ చాలు.

ఇంతకుముందు గుర్తుపెట్టుకోమన్న పెట్టు ఇప్పుడు బయటికి తీయండి. ఇంగ్లీషువాడు నిప్పుకి సెట్ అంటాడు, మనం నిప్పు పెడతాం. ధరకి సెట్ అంటాడు, మనం ధర పెడతాం. షరతుకి, పరీక్షకి, హద్దుకి, ముహూర్తానికి, అలారానికి, ఎలకబోనుకి, చివరికి మనసుకి కూడా వాడు సెట్ అంటాడు, మనం పెడతాం. ఈ మాటలు రూపు కట్టే రోజుల్లో ఆ భాషా మన భాషా ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. అయినా ఎక్కడికక్కడ ఒకటే పని. తేడా అల్లా, అన్నం దగ్గర వాడి సెట్ ఆగిపోతుంది, మన పెట్టు అక్కడే మొదలవుతుంది.

ఈ సంగతి మా అన్నయ్య మనవరాలికి బాగా తెలుసు. డాలస్‌లో పుట్టిన పిల్ల, ఆదివారం ఆదివారం అక్కడి తెలుగు బడికి వెళుతుంది. హోంవర్కు పేరుతో నాకు ఫోను చేస్తుంది. ఈ వారం వాళ్ళ టీచరు పెట్టుతో వాక్యాలు రాసుకు రమ్మందట.

"చిన్నతాతయ్యా, అమ్మమ్మ అన్నం పెట్టింది, ముద్దు పెట్టింది, బొట్టు పెట్టింది. కరెక్టా?"

"కరెక్టు."

"కోడి గుడ్డు పెట్టింది. అమ్మ నాన్నకి చీవాట్లు పెట్టింది. నాన్న కారుకి పెట్రోలు పెట్టాడు."

"పెట్రోలు పెట్టరమ్మా, పోస్తారు."

"ఎందుకు?"

"అది అంతే. తర్వాత?"

"నాన్న ఫ్రెండు నాన్నకి టోపీ పెట్టాడు. నాన్న నిన్న ఫోన్లో అన్నాడు. కానీ తాతయ్యా, నేను ఇల్లంతా వెతికాను, టోపీ లేదు."

"ఎంత టోపీ అన్నాడు నాన్న?"

"టెన్ థౌజండ్ డాలర్స్ అన్నాడు. అంత కాస్ట్లీ టోపీ ఎందుకు దాచాడు?"

ఆ వాక్యం హోంవర్కులో రాయొద్దని చెప్పి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. అది ఊరుకోలేదు.

"సరే, అందరూ అన్నీ పెట్టారు. మరి తీసేది ఎవరు? వచ్చే వారం తీయు మీద రాయాలి. కునుకు తీశాడు, ఫోటో తీశాడు, పరువు తీశాడు, ప్రాణం తీశాడు. ఇవన్నీ ఎక్కడ నుంచి తీశాడు తాతయ్యా?"

వాళ్ళ అమ్మమ్మని అడగమని చెప్పి ఫోను పెట్టేశాను.